పెండేకంటి వెంకటసుబ్బయ్య

పెండేకంటి వెంకటసుబ్బయ్య (1921 జూన్ 18 - 1993 అక్టోబరు 12) ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన కాంగ్రెసు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, కేంద్రంలో సహాయమంత్రి, బీహారు, కర్ణాటక రాష్ట్రాలకు గవర్నరు. రెండవ లోక్‌సభ నుండి ఏడవ లోక్‌సభ వరకు ప్రతి సభలోనూ ఈయన సభ్యుడు. మొదట ఆదోని నుండి, తరువాత నంద్యాల నుండి ఎన్నికయ్యాడు. శాసనసభ్యుల పార్టీ ఫిరాయింపులను అరికట్టే మార్గాలు సూచించడానికి ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని వేయాలని 1967లో లోక్‌సభలో తీర్మానం ప్రవేశపెట్టినది ఈయనే. అయితే నేడు వెంకటసుబ్బయ్య పేరు ఎక్కువగా వినిపించేది 1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో ఎస్.ఆర్.బొమ్మై మంత్రివర్గం రద్దు కావడానికి దారితీసిన నివేదికల సందర్భంలో. ఆ నివేదికలకు మూలం కూడా ఒక ఫిరాయింపే.

జననం, ప్రాంతం

వెంకటసుబ్బయ్య కర్నూలు జిల్లా సంజామలలో ఒక ఆర్యవైశ్య కుటుంబంలో జన్మించాడు. కోయిలకుంట్లకు సమీపంలో ఉన్న ఈ గ్రామం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను విభజించి నంద్యాల జిల్లాను ఏర్పరచినప్పుడు సంజామల మండలం కొత్త జిల్లాలోకి వచ్చింది.

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండలు, వాటి నడుమ పారే కుందూ నది, నల్లరేగడి నేలలు - ఇదీ ఆ ప్రాంతపు స్వరూపం. కర్నూలు-కడప కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట జొన్న, ప్రత్తి, వేరుశనగ పండించేవారు. పంట అమ్మకానికీ, సరుకు కొనుగోలుకూ నంద్యాల కేంద్రం. దక్షిణాన ఉన్న ఆళ్లగడ్డ అహోబిల క్షేత్రానికి వెళ్లే యాత్రికులకు మజిలీ, రాతి విగ్రహాలు చెక్కే శిల్పులకు నిలయం. ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసినది కోయిలకుంట్లలోనే. పక్కనే ఉన్న బనగానపల్లె 1948 వరకు నవాబుల పాలనలోని చిన్న సంస్థానం.

ఈ ప్రాంత రాజకీయాలలో భూస్వామ్య కుటుంబాలది పైచేయి. గ్రామాలను రెండు వర్గాలుగా చీల్చిన కక్షలకు కూడా ఈ ప్రాంతం పేరుపడింది. శాసనసభ స్థానాలు చాలావరకు ఆ కుటుంబాల మధ్యనే మారుతూ వచ్చాయి. సంఖ్యాబలం అంతగా లేని వ్యాపార వర్గం నుండి వచ్చిన వ్యక్తి అలాంటి చోట లోక్‌సభకు పదేపదే ఎన్నిక కావడం విశేషం. ఏ ఒక్క ఊరి వర్గానికీ చెందనివాడు కావడం అందుకు కొంత తోడ్పడి ఉండవచ్చు. పార్టీ అండ, ఎదురెదురుగా ఉన్న వర్గాలు రెండింటితోనూ మాట్లాడగలిగే స్థితి లేకుండా ఏడు శాసనసభ స్థానాల పరిధిలో గెలవడం మాత్రం సాధ్యం కాదు.

ఆదోని నుండి నంద్యాలకు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయ్యింది. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరణతో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఆ మరుసటి సంవత్సరం జరిగిన రెండవ సాధారణ ఎన్నికలలో వెంకటసుబ్బయ్య కాంగ్రెసు అభ్యర్థిగా ఆదోని నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు చేరిన ప్రాంతం. పెద్ద ప్రత్తి మార్కెట్టు గల ఆ పట్టణంలో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ భాషలు కూడా వినిపిస్తాయి. 1962లో ఈయన మళ్లీ అక్కడినుండే గెలిచాడు.

1967లో నంద్యాల నియోజకవర్గానికి మారాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వంటి శాసనసభ స్థానాలు దాని పరిధిలో ఉండేవి కనుక ఇది సొంత గడ్డకు తిరిగిరావడమే. 1971లో జరిగిన మధ్యంతర ఎన్నికలలో కూడా ఇక్కడినుండే గెలుపొందాడు. అంతకు రెండేళ్ల ముందు, 1969లో, కాంగ్రెసు చీలినప్పుడు ఇందిరా గాంధీ వైపు నిలిచినవారిలో ఈయన ఒకడు.

ఫిరాయింపులపై తీర్మానం

వెంకటసుబ్బయ్య పార్లమెంటరీ జీవితంలో ముఖ్యమైన ఘట్టం 1967లో జరిగింది. ఆ సంవత్సరపు ఎన్నికలలో కాంగ్రెసు పలు రాష్ట్రాలలో మెజారిటీ కోల్పోయింది. మెజారిటీ దక్కిన చోట కూడా ప్రభుత్వాలు నిలవలేదు. హర్యానాలో భగవత్ దయాళ్ శర్మ, ఉత్తర ప్రదేశ్‌లో సి.బి.గుప్తా, మధ్య ప్రదేశ్‌లో ద్వారకా ప్రసాద్ మిశ్రా మంత్రివర్గాలు సొంత పార్టీవారి ఫిరాయింపులతో పడిపోయాయి. హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ రెండు వారాల వ్యవధిలో మూడుసార్లు పార్టీ మారడంతో పుట్టిన ఆయారాం గయారాం అనే మాట తెలుగు పత్రికలలోనూ స్థిరపడిపోయింది.

ఈ స్థితిలో 1967 ఆగస్టులో వెంకటసుబ్బయ్య లోక్‌సభలో ఒక అనధికార తీర్మానం ప్రవేశపెట్టాడు. శాసనసభ్యులు ఒక పార్టీ నుండి మరొక పార్టీకి మారడం, తరచుగా పక్షాలు మార్చడం అనే సమస్యను అన్ని కోణాలనుండి పరిశీలించి సిఫార్సులు చేయడానికి రాజకీయ పక్షాల ప్రతినిధులతోనూ, రాజ్యాంగ నిపుణులతోనూ ప్రభుత్వం ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించాలన్నది దాని సారాంశం. మంత్రి కాని సభ్యుడు తెచ్చే తీర్మానాలలో అధిక భాగం చర్చతోనే ముగిసిపోతాయి. ఇది మాత్రం 1967 డిసెంబరు 8న సభ ఆమోదం పొందింది. ఆనాడు ఫిరాయింపులవల్ల ఎక్కువగా నష్టపోయినది కాంగ్రెసే కాబట్టి తీర్మానంలో పార్టీ ప్రయోజనం లేదని చెప్పలేము. కాని కాంగ్రెసులోకి వచ్చే ఫిరాయింపులు కూడా అప్పటికే మొదలయ్యాయి. తీర్మానం మాటలు ఏ పక్షానికీ మినహాయింపు ఇవ్వలేదు.

దీని ప్రకారం కేంద్ర హోంమంత్రి వై.బి.చవాన్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. జయప్రకాశ్ నారాయణ్, హృదయనాథ్ కుంజ్రు, ఎం.సి.సెతల్వాడ్, మధు లిమాయే వంటివారు అందులో సభ్యులు. 1969 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో సంఘం తేల్చిన అంకెలు నేటికీ ఉదహరింపబడుతున్నాయి. 1967 మార్చి నుండి 1968 ఫిబ్రవరి వరకు ఒక్క సంవత్సర కాలంలో దేశంలో 438 ఫిరాయింపులు జరిగాయి. పార్టీ మారిన 210 మంది శాసనసభ్యులలో 116 మందికి ఫిరాయించి తాము నిలబెట్టిన ప్రభుత్వాలలో మంత్రి పదవులు దక్కాయి. ఫిరాయించినవారికి ఒక సంవత్సరంపాటు, లేదా తిరిగి ఎన్నికయ్యేవరకు, మంత్రి పదవి ఇవ్వరాదని సంఘం సూచించింది. మంత్రివర్గాల పరిమాణానికి హద్దు ఉండాలని కూడా చెప్పింది.

ఈ సూచనల ఆధారంగా 1973లో తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 1978లో తెచ్చిన బిల్లు వెనక్కి పోయింది. చివరకు 1985లో 52వ సవరణ ద్వారా పదవ షెడ్యూలు రాజ్యాంగంలో చేరింది. అది అమలులోకి వచ్చినది 1985 మార్చి 1న. మరో రెండు వారాలకు వెంకటసుబ్బయ్య గవర్నరుగా ప్రమాణస్వీకారం చేశాడు.

1977 ఓటమి

అత్యవసర పరిస్థితి తరువాత 1977లో జరిగిన ఎన్నికలలో ఉత్తర భారతదేశమంతటా కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోగా, ఆంధ్ర ప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 గెలిచింది. పోయిన ఆ ఒక్క స్థానం నంద్యాల. జనతా పార్టీ తరఫున అక్కడ నిలబడినవాడు నీలం సంజీవరెడ్డి. పక్క జిల్లా అనంతపురానికి చెందిన సంజీవరెడ్డి అప్పటికే రెండుమార్లు ముఖ్యమంత్రిగా, లోక్‌సభ స్పీకరుగా పనిచేశాడు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగా ఓడిపోయాడు. రాష్ట్రమంతా గెలిచిన పార్టీలో ఓడిపోయిన ఒకే ఒక్క అభ్యర్థిగా వెంకటసుబ్బయ్య మిగిలాడు.

ఆ ఓటమి ప్రభావం ఎక్కువ కాలం లేదు. సంజీవరెడ్డి మార్చిలో స్పీకరుగా ఎన్నికై, జూలైలో ఆ పదవిని వదలి, 1977 జూలై 25న రాష్ట్రపతి అయ్యాడు. ఖాళీ అయిన నంద్యాలకు జరిగిన ఉప ఎన్నికలో వెంకటసుబ్బయ్య గెలిచి ఆరవ లోక్‌సభలో ప్రవేశించాడు. 1978లో కాంగ్రెసు మళ్లీ చీలినప్పుడు ఇందిరా కాంగ్రెసులో ఉన్నాడు. 1980లో అదే పార్టీ అభ్యర్థిగా నంద్యాలను నిలబెట్టుకొన్నాడు.

కేంద్రమంత్రి

1980 జనవరిలో ఏర్పడిన ఇందిరా గాంధీ ప్రభుత్వంలో వెంకటసుబ్బయ్య హోంశాఖ, పార్లమెంటరీ వ్యవహారాల సహాయమంత్రి అయ్యాడు. ఆ ప్రభుత్వకాలంలో హోంశాఖకు జైల్ సింగ్, ఆర్.వెంకట్రామన్, పి.సి.సేథీ, పి.వి.నరసింహారావు వరుసగా మంత్రులుగా వచ్చారు. అస్సాంలో విదేశీయుల వ్యతిరేక ఆందోళన, పంజాబులో పెరుగుతున్న ఉగ్రవాదం ఆ శాఖను నిత్యం వేధించిన సమస్యలు. పార్లమెంటులో వీటిపై సభ్యులు అడిగే ప్రశ్నలకు సమాధానమిచ్చే బాధ్యత తరచు సహాయమంత్రిపై పడేది.

రాష్ట్రాలలో రాష్ట్రపతి పాలన విధించే ప్రకటనలు, గవర్నర్ల నివేదికలు పార్లమెంటు ముందుకు వచ్చేది హోంశాఖ ద్వారానే. 1980 ఫిబ్రవరిలో ప్రతిపక్షాల పాలనలోని తొమ్మిది రాష్ట్రాల శాసనసభలు ఒకేసారి రద్దయ్యాయి. కేంద్ర రాష్ట్ర సంబంధాలను సమీక్షించడానికి 1983లో జస్టిస్ ఆర్.ఎస్.సర్కారియా అధ్యక్షతన కమిషన్ ఏర్పాటయ్యింది. 1984 ఆగస్టు 16న ఆంధ్ర ప్రదేశ్ గవర్నరు రాంలాల్, శాసనసభలో బలపరీక్షకు అవకాశమివ్వకుండా నందమూరి తారక రామారావు మంత్రివర్గాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశాడు. నెలరోజుల ఆందోళన తరువాత సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవిలోకి వచ్చాడు. మెజారిటీని లెక్కించవలసినది రాజ్‌భవన్‌లోనా, శాసనసభలోనా అన్న ప్రశ్న ఆ నెలరోజులలో తెలుగు దేశమంతటా ఇంటింటి చర్చ అయ్యింది.

ఆ సంవత్సరం డిసెంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో తెలుగుదేశం గాలి నంద్యాలను కూడా తాకింది. ఆ పార్టీ అభ్యర్థి మద్దూరు సుబ్బారెడ్డి స్థానాన్ని గెలుచుకొన్నాడు. వెంకటసుబ్బయ్య లోక్‌సభ జీవితం అంతటితో ముగిసింది.

బీహారు గవర్నరు

1985 మార్చి 15న ఏ.ఆర్.కిద్వాయ్ స్థానంలో వెంకటసుబ్బయ్య బీహారు గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు. నేటి జార్ఖండ్ కూడా కలిసి ఉన్న అప్పటి బీహారు దేశంలోని అతి పెద్ద రాష్ట్రాలలో ఒకటి. బిందేశ్వరీ దూబే నాయకత్వంలో కాంగ్రెసు ప్రభుత్వం ఉండేది. కేంద్రంలోనూ అదే పార్టీ కనుక గవర్నరుకు, ముఖ్యమంత్రికి మధ్య ఘర్షణకు కారణాలు తక్కువ. రాష్ట్రం మాత్రం ప్రశాంతంగా లేదు. భూమి తగాదాలు, కులసేనలు, నక్సలైటు ఉద్యమం మధ్య బీహారు రగిలింది. 1986 ఏప్రిల్ 19న అర్వాల్‌లో సభ జరుపుకొంటున్న పేద రైతు కూలీలపై పోలీసులు కాల్పులు జరపడంతో ఇరవై మందికి పైగా మరణించారు. 1987లో రాష్ట్రాన్ని భారీ వరదలు ముంచెత్తాయి.

గవర్నరు పదవికి సంబంధించి ఈ కాలంలో వెలువడిన ముఖ్యమైన తీర్పు ఒకటి ఉంది. పూణేలోని గోఖలే సంస్థకు చెందిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు డి.సి.వాధ్వా, బీహారులో శాసనసభను పక్కనబెట్టి ఆర్డినెన్సులతో పాలన సాగుతున్న తీరును పరిశోధించి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1967-1981 మధ్య 256 ఆర్డినెన్సులు జారీ అయి, గడువు తీరగానే మళ్లీ మళ్లీ జారీ అవుతూ వచ్చాయి. కొన్ని పద్నాలుగేళ్ల వరకు బ్రతికాయి. ఇది రాజ్యాంగాన్ని వంచించడమేనని 1986 డిసెంబరు 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, 1985 నాటి బీహారు ఇంటర్మీడియట్ విద్యామండలి ఆర్డినెన్సును కొట్టివేసింది. కోర్టు పరిశీలించిన అంకెలు వెంకటసుబ్బయ్య రాకకు ముందరివి. అయినా తీర్పు వచ్చేనాటికి రాజ్‌భవన్‌లో ఉన్నవాడు ఆయనే. మంత్రివర్గం పంపిన కాగితంపై సంతకం చేసేటప్పుడు గవర్నరు రాజ్యాంగ పరిమితులను గుర్తుంచుకోవాలన్న పాఠం తొలిసారి అంత స్పష్టంగా ఆ పదవిని తాకింది.

1988 ఫిబ్రవరి 14న దూబే స్థానంలో భగవత్ ఝా ఆజాద్ ముఖ్యమంత్రి అయ్యాడు. రెండు వారాలు తిరగకుండానే గవర్నరు కూడా మారాడు.

కర్ణాటక గవర్నరు

1988 ఫిబ్రవరి 26న వెంకటసుబ్బయ్య కర్ణాటక గవర్నరు అయ్యాడు. ఇక్కడి పరిస్థితి వేరు. ముఖ్యమంత్రి జనతా పార్టీకి చెందిన రామకృష్ణ హెగ్డే. కేంద్రంలో రాజీవ్ గాంధీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా కూడుతున్న ప్రతిపక్షాలలో ప్రముఖుడు. అంతకు కొద్దికాలం ముందే సర్కారియా కమిషన్ నివేదిక వెలువడింది. గవర్నరుగా నియమితుడయ్యే వ్యక్తి సమీప గతంలో రాజకీయాలలో చురుకుగా పాల్గొన్నవాడై ఉండరాదనీ, ముఖ్యంగా కేంద్రంలో పాలించే పార్టీకి చెందిన నాయకుడిని వేరొక పార్టీ పాలించే రాష్ట్రానికి పంపరాదనీ, మెజారిటీని సభలోనే తేల్చాలనీ అది చెప్పింది. మెజారిటీ విషయంలో 1971 నాటి గవర్నర్ల సంఘం మాట కూడా అదే. మూడేళ్ల క్రితం వరకు కేంద్రమంత్రిగా ఉన్న వెంకటసుబ్బయ్య నియామకం ఈ సూచనలకు అనుగుణమైనది కాదు. ఆ కాలపు నియామకాలలో చాలావరకు ఇలాంటివే కనుక దీనిని ఆయన ఒక్కడి విషయంగా చూడటం కూడా సరికాదు.

టెలిఫోను సంభాషణలను రహస్యంగా విన్నారన్న ఆరోపణలపై 1988 ఆగస్టులో హెగ్డే రాజీనామా చేయగా, ఆగస్టు 13న ఎస్.ఆర్.బొమ్మై ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. ఆ ఏడాది జనతా పార్టీ, లోక్‌దళ్ తదితర పక్షాలు కలిసి జనతాదళ్ ఏర్పడింది. కొత్త పార్టీలో పాత వర్గాల పొరపొచ్చాలు అలాగే ఉన్నాయి. 1989 ఏప్రిల్ 15న బొమ్మై 13 మందిని చేర్చుకొని మంత్రివర్గాన్ని విస్తరించాడు. దీనితో పదవులు రానివారి అసంతృప్తి బయటపడింది.

తరువాతి సంఘటనలు తేదీలవారీగా కోర్టు రికార్డులలో నమోదయ్యాయి. ఏప్రిల్ 17న జనతాదళ్ శాసనసభ్యుడు కె.ఆర్.మొలకేరి, తాను పార్టీని వీడుతున్నట్లు గవర్నరుకు లేఖ ఇచ్చాడు. దానితోపాటు ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకొంటున్నట్లు 19 మంది శాసనసభ్యుల సంతకాలతో 19 లేఖలు అందజేశాడు. వీరిలో 17 మంది జనతాదళ్‌కు చెందినవారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు స్వతంత్రుడు, ఇంకొకరు ప్రభుత్వాన్ని బలపరుస్తున్న భారతీయ జనతా పార్టీ సభ్యుడు. మరుసటి రోజు గవర్నరు శాసనసభ కార్యదర్శిని పిలిపించి సంతకాలను సరిచూపించాడు. సంతకాలు సరైనవేనని తేలింది. ఏప్రిల్ 19న రాష్ట్రపతికి నివేదిక పంపాడు. ముఖ్యమంత్రికి మెజారిటీ లేదనీ, ప్రభుత్వాన్ని ఏర్పరచగల మరో పార్టీ కూడా లేదనీ, 356వ అధికరణం ప్రకారం చర్య తీసుకోవాలనీ అందులో సూచించాడు.

సంతకాలను సరిచూడటానికి రెండు రోజులు తీసుకొన్న గవర్నరు, సంతకాలు చేసినవారిని పిలిచి మాట్లాడలేదు. ముఖ్యమంత్రినీ వివరణ అడగలేదు. వ్యవహారమంతా తిరిగి ఆగినది ఈ చిన్న విషయం దగ్గరే.

ఏప్రిల్ 20న పరిస్థితి మలుపు తిరిగింది. ఆ 19 మందిలో ఏడుగురు, తమ సంతకాలను తప్పుదోవ పట్టించి తీసుకొన్నారనీ, తమ మద్దతు ప్రభుత్వానికేననీ గవర్నరుకు లేఖలు రాశారు. అదే రోజు బొమ్మై, న్యాయశాఖామంత్రితో కలిసి గవర్నరును కలుసుకొని, శాసనసభ సమావేశాన్ని ముందుకు జరిపి అయినా సరే బలం నిరూపించుకొంటామని చెప్పాడు. రాష్ట్రపతికి కూడా ఆ మేరకు టెలెక్సు పంపాడు. గవర్నరు మాత్రం అదే రోజు రెండవ నివేదిక పంపాడు. ఏడుగురి లేఖలు వచ్చిన సంగతి తెలియజేస్తూనే, ఇరువైపుల నుండి శాసనసభ్యులపై ఒత్తిళ్లు, బేరసారాలు సాగుతున్నాయనీ, తన పూర్వ అభిప్రాయంలో మార్పు లేదనీ పేర్కొన్నాడు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్ ప్రకటనతో బొమ్మై మంత్రివర్గం తొలగిపోయింది, శాసనసభ రద్దయ్యింది. అప్పటి కేంద్ర హోంమంత్రి బూటా సింగ్.

గవర్నరు పక్షాన చెప్పదగినది లేకపోలేదు. పందొమ్మిది లేఖల సంతకాలు నిజమైనవి. మొదటి నివేదిక పంపేనాటికి వాటిని కాదన్నవారు లేరు. శాసనసభ్యుల బేరసారాల భయం కూడా కల్పన కాదు. 1967లో అదే వ్యాధికి మందు వెతకమని లోక్‌సభను కోరిన వ్యక్తికి అది బాగా తెలిసిన సంగతే. కాని ఆ తీర్మానం నుండి పుట్టిన పదవ షెడ్యూలు ఫిరాయింపుపై నిర్ణయాన్ని సభాపతి చేతిలో పెట్టింది. రాజ్‌భవన్‌కు అందిన లేఖలు సభలో వేసిన ఓట్లు కావు. ఒక్క రోజులో ఏడుగురు మనసు మార్చుకోవడమే, లేఖలను లెక్కపెట్టి మెజారిటీ తేల్చడం ఎంత అస్థిరమైనదో చూపింది.

ఏప్రిల్ 21 నుండి నవంబరు 30 వరకు, అంటే ఏడు నెలలకు పైగా, రాష్ట్రపతి పేరిట కర్ణాటక పాలనను వెంకటసుబ్బయ్య స్వయంగా నడిపాడు. రాష్ట్ర హైకోర్టులో బొమ్మై, ఆయన సహచరులు వేసిన రిట్ పిటిషన్‌ను ప్రత్యేక ధర్మాసనం కొట్టివేసింది. నవంబరులో లోక్‌సభతో పాటు జరిగిన శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు 224 స్థానాలకు 178 గెలిచింది. వీరేంద్ర పాటిల్ ముఖ్యమంత్రి అయ్యాడు.

అయితే ఢిల్లీలో అధికారం చేతులు మారింది. 1989 డిసెంబరులో వి.పి.సింగ్ ప్రధాని అయ్యాడు. బొమ్మై పార్టీయే ఇప్పుడు కేంద్రంలో పాలకపక్షం. కొత్త ప్రభుత్వం గవర్నర్లందరినీ రాజీనామా చేయవలసిందిగా కోరింది. 1990 ఫిబ్రవరి 5న వెంకటసుబ్బయ్య పదవినుండి వైదొలిగాడు. మే నెలలో భానుప్రతాప్ సింగ్ వచ్చేవరకు కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎస్.మోహన్ తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించాడు.

విద్యాసంస్థలు

రాజకీయాలకు వెలుపల వెంకటసుబ్బయ్య పేరు నిలబెట్టినవి హైదరాబాదులోని విద్యాసంస్థలు. ఆయన నాయకత్వంలో ఏర్పడిన వాసవి అకాడమీ ఆఫ్ ఎడ్యుకేషన్ 1981లో ఇబ్రహీంబాగ్‌లో వాసవి ఇంజనీరింగ్ కళాశాలను స్థాపించింది. ఆర్యవైశ్యుల కులదేవత వాసవీ కన్యకాపరమేశ్వరి పేరు పెట్టుకొన్నప్పటికీ ఇందులో అన్ని వర్గాల విద్యార్థులు చదువుకొన్నారు. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లు వందలలోనే ఉండి, చాలామంది విద్యార్థులు డొనేషను కట్టి కర్ణాటక కళాశాలలకు వెళ్తున్న రోజులవి. ప్రైవేటు రంగంలో తొలితరం కళాశాలలలో ఒకటైన ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఎదిగి, తరువాత స్వయంప్రతిపత్తి పొందింది. అదే అకాడమీ ఆధ్వర్యంలో ఆయన ఇంటిపేరుతో పెండేకంటి న్యాయ కళాశాల, పెండేకంటి మేనేజిమెంటు సంస్థ వెలిశాయి. న్యాయ కళాశాల విద్యార్థులు రాజ్యాంగ పాఠాలలో చదివే ముఖ్యమైన కేసులలో బొమ్మై కేసు ఒకటి.

మరణం, ఆ తరువాత

1991లో నంద్యాల మళ్లీ దేశం దృష్టిని ఆకర్షించింది. ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఖాళీ చేసిన లోక్‌సభ స్థానం నుండి ప్రధాని పి.వి.నరసింహారావు ఉప ఎన్నికలో పోటీ చేసి ఘనవిజయం సాధించాడు. ఒకప్పుడు రాష్ట్రపతిని ఇచ్చిన నియోజకవర్గం ఈసారి ప్రధానమంత్రికి స్థానమిచ్చింది. ఆ ఇద్దరికీ నడుమ ఎక్కువకాలం దానికి ప్రాతినిధ్యం వహించిన వెంకటసుబ్బయ్య 1993 అక్టోబరు 12న మరణించాడు.

సుప్రీంకోర్టు తీర్పును చూడటానికి ఆయన లేడు. అది ఐదు నెలల తరువాత, 1994 మార్చి 11న వెలువడింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఇద్దరు, కె.రామస్వామి, బి.పి.జీవన్‌రెడ్డి, తెలుగువారు. కర్ణాటకలో రాష్ట్రపతి పాలన విధింపు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు మెజారిటీ అభిప్రాయంగా తేల్చింది. గవర్నరు ముఖ్యమంత్రిని సంప్రదించకపోవడాన్ని, లేఖల ఆధారంగా తొందరపాటుతో నిర్ణయానికి రావడాన్ని న్యాయమూర్తులు కటువుగా విమర్శించారు. మంత్రివర్గానికి బలమున్నదో లేదో తేలవలసినది శాసనసభలోనే గాని గవర్నరు సొంత అంచనాలో కాదని స్పష్టం చేశారు. నాగాలాండ్, మేఘాలయ ప్రకటనలను కూడా చెల్లనివిగా చెప్పిన కోర్టు, బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత 1992 డిసెంబరులో మధ్య ప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో విధించిన రాష్ట్రపతి పాలనను సమర్థించింది.

తీర్పువల్ల బొమ్మైకి పదవి తిరిగి రాలేదు. మధ్యలో ఎన్నికలు జరిగిపోయినందున పాత శాసనసభను పునరుద్ధరించడం సాధ్యం కాలేదు. ఆయన 1996లో కేంద్రమంత్రి అయ్యాడు, 2007లో మరణించాడు. వెంకటసుబ్బయ్య మూడేళ్లు ఉన్న పాట్నా రాజ్‌భవన్‌లో 2005లో గవర్నరుగా ఉన్నవాడు బూటా సింగ్. బీహారు శాసనసభ రద్దుకు ఆయన చేసిన సిఫార్సు కూడా సుప్రీంకోర్టుకు వెళ్లింది. బొమ్మై కేసు తీర్పును అనుసరించి ఆ రద్దు సైతం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు ప్రకటించగా, 2006 జనవరిలో బూటా సింగ్ రాజీనామా చేశాడు.